ఏడు వాటాలకు ఒకటే పొయ్యి

నాకు నోటి దురుసు ఎక్కువని మా అత్తగారు అంటుంది. కాదని నేనెప్పుడూ అనలేదు. అయితే మా అందరి కొంప ముంచబోయింది నా దురుసు కాదు. జన్మకో శివరాత్రి అన్నట్టు ఒకే ఒక్కసారి నేను మురిసిపోయి చెప్పిన ఒక మంచి మాట.

మేం ఉండేది మూతబడ్డ చక్కెర గోదాములో. ఏటిగట్టు తెగి పేటలన్నీ నీటిపాలైనప్పుడు, పునరావాసం ఆఫీసువాళ్ళు ఏడు కుటుంబాల్ని లారీ ఎక్కించి తెచ్చి ఇందులో దించారు. రెండు నెలలు సర్దుకోమన్నారు. రెండేళ్ళు దాటింది. ప్లైవుడ్ ముక్కలు, పరదాపట్టలు అడ్డం కట్టి ఏడు వాటాలు చేసుకున్నాం. వాన పడిన రోజున నేల ఇప్పటికీ చెప్పులకి అతుక్కుంటుంది. చీమల గురించి చెప్పేదేముంది, ఆ ఇల్లు వాటిది, అద్దెకు దిగింది మేం.

మాలో మాకు చుట్టరికం లేదు. ఒక పేటవాళ్ళం కూడా కాదు. మొదటి వాటాలో దర్జీ, అతని పెళ్ళాం, పిల్లలు. రెండోదాంట్లో లారీ డ్రైవరు. మూడోదాంట్లో కవలపిల్లల తల్లి, ఆమె తల్లీతండ్రీ. తర్వాత పెయింటరు, ఆ తర్వాత వీధులూడ్చే అక్క, ఆరోదాంట్లో గడియారాలు బాగుచేసే తాత, ఆయన ముసలిది, మనవడు. చివరి వాటా మాది. మా ఆయనకి నడుం పోయింది, మార్కెట్లో ఒకరోజు మూటలు మోస్తే రెండు రోజులు పడుకుంటాడు. మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడే పని. ఇంటికొచ్చేసరికి కాళ్ళు నావి కావు.

మొదటి ఏడాది మేం ఏడు వాటాలవాళ్ళం ఒకరినొకరు చూసి మొహం తిప్పుకుని బతికాం. నీళ్ళ కొళాయి దగ్గర కొట్లాట, మరుగుదొడ్డి దగ్గర కొట్లాట. గోడ లేదు కాబట్టి దర్జీ గురక మాది, మా ఆయన దగ్గు దర్జీది. ఏడు వాటాల ముందు ఏడు ఇటుకల పొయ్యిలు. ఏడుగురు ఆడవాళ్ళం నాలుగింటికే లేచి, విరిగిన పెట్టెల చెక్కలు ఊదీ ఊదీ, కళ్ళు ఎర్రగా చేసుకుని పనులకి పరిగెత్తేవాళ్ళం.

ఇంకొకాయన ఉన్నాడు, వంట మేస్త్రి. ఏదో పెద్ద మెస్సులో ఇరవయ్యేళ్ళు వందల మందికి వండినవాడట. గేటు పక్కన బస్తాలు తూచే కాటాగది ఒకటి ఉంది, మంచం పట్టేంత. అందులో ఒక్కడే ఉండేవాడు. ఎడమ మోకాలు వంగదు. వరదలో ఎవరిని పోగొట్టుకున్నాడో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ ఏడాది వానల్లో కవలల తల్లికి జ్వరమొచ్చింది. ముసలివాళ్ళకి పొయ్యి ఊదే శక్తి లేదు, మూడు రోజులు ఆ వాటా పొయ్యి వెలగలేదు. మాకు పట్టలేదని కాదు, చూసే తీరిక లేదంతే. నిజం చెప్పాలంటే చూశాను. చూసి పనికి పోయాను. నాలుగో రోజున మేస్త్రి కుంటుకుంటూ వచ్చి ఆ వాటా ముందు గిన్నెడు అన్నం పెట్టి, మా అందరినీ పిలిచాడు.

"ఏడు పొయ్యిల మీద ఏడు పిడతలేంటమ్మా, ఆటలాడుకుంటున్నారా? నా దగ్గర గుండిగ ఉంది. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు పట్రండి. వండి పెడతాను. మీరు కాసేపు పడుకోండి."

గయ్యిమని లేచింది ఎవరనుకుంటున్నారు? నేనే.

"నా బియ్యం నా ఇష్టం. ఎవరెక్కువ తిన్నారో ఎవరు తక్కువ పోశారో చూసుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు" అన్నాను.

"నాకూ లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "అందుకే ఎవరూ చూడకూడదు. పోసేటప్పుడు నేనే మొహం తిప్పుకుంటాను."

అన్నట్టే చేశాడు. గుండిగ పక్కన ఒక డ్రమ్ము పెట్టాడు. ఎవరెంత పోసినా అటు తిరిగి ఉల్లిపాయలు తరుక్కునేవాడు. రోజుకొక ఆడమనిషి వంతున పని మానుకుని గోదాములో ఉండాలి, పిల్లల్ని చూసుకోవాలి, ఆయనకి చేతిసాయం చెయ్యాలి. అదొక్కటే షరతు. నేను నాలుగు రోజులు బిర్రబిగుసుకుని నా పిడత నేను వండుకున్నాను. ఐదో రోజున మా అత్తగారు పళ్ళెం పట్టుకుని వెళ్ళి గుండిగ ముందు కూర్చుంది.

"నీ కోడలు కోప్పడదా పిన్నీ?" అని ఎవరో అడిగితే, "కోప్పడుతుంది. వండటం కూడా కోపంగానే వండుతుంది, తినలేక చస్తున్నాను" అందట.

ఆ సాయంత్రం లాండ్రీ నుంచి వచ్చేసరికి నా వాటా ముందు మూత పెట్టిన గిన్నె ఉంది. వేడిగా అన్నం, ఇంత బంగాళాదుంప కూర. పెళ్ళయిన పదహారేళ్ళలో నేను వండకుండా నా ముందుకొచ్చిన మొదటి అన్నం అది. తింటూ ఏడ్చాను. కారమెక్కువైందని మా ఆయనతో చెప్పాను.

అలా ఏడు పొయ్యిలు ఒకటయ్యాయి. ఒకటయ్యాక మిగతావి వాటంతటవే ఒకటయ్యాయి. డ్రైవరు ఊళ్ళు తిరిగి వస్తూ కట్టెలు తెచ్చేవాడు. దర్జీ అందరి పిల్లల నిక్కర్లూ కుట్టేవాడు. పైకప్పు కారుతుందని కార్డులు, కాగితాలు అందరివీ ఒకే రేకుడబ్బాలో పెట్టి వంటచోట అటక మీద ఉంచాం, అక్కడొక్కచోటే చినుకు పడదు. కష్టాలు తీరిపోయాయని కాదు. పొద్దున్న ఒక గంట ఎక్కువ నిద్రపోయేవాళ్ళం. ఆ గంట ఎంత పెద్దదో పడుకున్నవాళ్ళకే తెలుసు.

అదిగో, అప్పుడొచ్చింది సర్వే అమ్మాయి. చేతిలో ఫైలు, మెడలో కార్డు, ఎండకి వాడిపోయిన మొహం. ఆ రోజు వంతు నాది. ఊరవతల గదులు కడుతున్నారు, కుటుంబానికొకటి ఇస్తారని అప్పటికే విన్నాం.

"ఇక్కడ పొయ్యిలు ఎన్నమ్మా?" అని అడిగింది.

ఇళ్ళు ఎన్ని అనలేదు, కుటుంబాలు ఎన్ని అనలేదు. పొయ్యిలు ఎన్ని అంది. అడగక అడగక నాకిష్టమైన సంగతి అడిగిందని ఒళ్ళు పొంగిపోయింది.

"ఒకటే పొయ్యి" అన్నాను. "ముప్ఫై ఒక్క మందిమి ఒకే గుండిగలోది తింటాం. రాసుకోండి. మీ ఆఫీసులో కూడా అందరికీ చెప్పండి."

రాసుకుంది. నెల తర్వాత జాబితా అంటించారు. చక్కెర గోదాము, ఒక కుటుంబం, సభ్యులు ముప్ఫై ఒకటి, గది ఒకటి.

వాళ్ళ లెక్కలో పొయ్యి అంటే కుటుంబం. నాకేం తెలుసు? జాబితా ముందు నిలబడి నాలుక కరుచుకున్నా లాభమేముంది. ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు తిట్టేదాన్ని. దర్జీ మాత్రం జాబితా పైనుంచి కిందికి చదివి, "పోనీలే అక్కా, గదిలో అందరం నిలబడితే పడతాం. వంతులవారీగా కూర్చుందాం" అన్నాడు.

ఆఫీసుకెళ్ళి మొరపెట్టుకున్నాం. అక్కడి గుమస్తా ఏడు ఫారాలు ఇచ్చాడు. గురువారం మళ్ళీ సర్వేకి వస్తారు, ఆ రోజుకి ఏడు పొయ్యిలు విడివిడిగా వెలుగుతూ కనబడాలి, ఎవరి పొయ్యి దగ్గర తినేవాళ్ళ పేర్లు వాళ్ళ ఫారంలో రాసి ఉండాలి, ఆ అమ్మాయి సంతకం పెడితే ఏడు గదులు అన్నాడు. ఒంటరివాళ్ళకి గది లేదన్నాడు. మేం ఖాళీ చేసిన వారానికి గోదాము పడగొట్టేస్తారని కూడా చెప్పాడు.

తిరిగి వస్తూ దారంతా తలో పక్కకి చూస్తూ నడిచాం. అందరికీ తెలుసు, ఏడు పొయ్యిలంటే మేస్త్రి ఏ పొయ్యి మనిషీ కాడు.

పొయ్యిలు మళ్ళీ పెట్టింది కూడా ఆయనే. గుండిగ దించి కడిగి బోర్లించాడు. ఇటుకలు ఏరి, వంగని కాలు ఒక పక్కకి చాపి, ఒక్కొక్క వాటా ముందూ కూర్చుని పొయ్యి పేర్చాడు. "నీది గాలివాటంగా ఉందమ్మా, ఇటు తిప్పుతున్నా" అంటూ ఎవరికి తగ్గట్టు వాళ్ళకి. గురువారానికి ముందు మూడు రోజులూ మళ్ళీ నాలుగింటికి లేవడం, ఊదడం. చిన్న పిడతలో ఉప్పు ఎంత వెయ్యాలో మర్చిపోయాం. డ్రైవరు పెళ్ళాం అన్నం మాడ్చింది. నేను కూరలో ఉప్పు వెయ్యనే లేదు. పిల్లలు ఒక వాటాలో ఒక ముద్ద, ఇంకో వాటాలో ఒక ముద్ద తిని తిరుగుతుంటే, గురువారం అలా తిరగొద్దని వాళ్ళకి నేర్పాల్సి వచ్చింది.

బుధవారం నాకు సెలవు. మా ఆయన ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. పేర్లకి ఆరు గీతలున్నాయి. మేం ఐదుగురం.

"మేస్త్రిని రాద్దామా?" అన్నాడు.

నేను దుప్పటి దులుపుతూ ఆగిపోయాను. గది పది అడుగులకి పన్నెండు అని చెప్పారు. అత్తగారి మంచం ఒక మూల పోతుంది. ఆయన నడుం నేల మీదైతేనే ఊరుకుంటుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు నిండాయి, బట్టలు మార్చుకోవాలంటే ఇప్పటికీ నేను దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడాలి. దానికొక మూల ఇస్తానని మాటిచ్చాను. ఆ మూలలో పరాయి మగమనిషి పడక వెయ్యనా?

"డ్రైవరు ఇంట్లో ముగ్గురే" అన్నాను. "వాళ్ళు రాస్తారు. ఎవరో ఒకరు రాస్తార్లే."

ఆయన మా ఐదు పేర్లే రాశాడు. నంబర్లు రాయడానికి మా కార్డుల కోసం నేను అటక మీది డబ్బా దింపాను. అన్నిటికంటే పైనే ఉంది మేస్త్రి కార్డు. ఫొటోలో జుట్టు నల్లగా ఉంది, మీసం ఉంది, పక్కన ఎవరిదో భుజం సగం కనబడుతోంది, కోసేసినట్టు. అది పక్కన పెట్టి మా ఐదూ తీసుకున్నాను. డబ్బా మూత వేశాను. చెయ్యాల్సింది చేశాననే అనుకున్నాను. అయినా ఆ పూట ఆయన ఎదురుపడితే కొళాయి వైపు తిరిగాను.

గురువారం సర్వే అమ్మాయి వచ్చింది. వాన పడి నేల అంటుకుంటోంది, అడుగుకో చప్పుడు చేస్తూ వాటాలన్నీ తిరిగింది. ఏడు పొయ్యిలూ వెలుగుతున్నాయి. ప్రతి పిడతా మూత తీసి చూసింది. మా అత్తగారు ఎసరు నీళ్ళు తప్ప ఏమీ లేని పిడతని గరిటెతో శ్రద్ధగా కలుపుతోంది. నవ్వొచ్చింది కానీ నవ్వే పరిస్థితి కాదు. తర్వాత అమ్మాయి గోదాము మధ్యలో బల్ల వేయించుకుని ఫారాలు పరిచింది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, సగం లోపల, సగం బయట.

మొదటి ఫారం చూసింది. రెండోది చూసింది. మూడోది చూసి, మళ్ళీ మొదటిది తీసింది. అలా ఆరు ఫారాలూ చూసి పక్కపక్కన పెట్టుకుంది.

"ఈ వంటాయన ఎవరికి ఏమవుతాడు?" అంది.

జవాబు కోసం ఆగకుండా తనే చదవడం మొదలుపెట్టింది. "ఒకటో వాటా, దర్జీగారికి బాబాయి. రెండో వాటా, డ్రైవరుగారికి పెద్దన్న. మూడో వాటా, కవలలకి తాత. నాలుగో వాటా, పెయింటరుగారికి బావగారు. ఐదో వాటాలో అక్కగారికి తమ్ముడు. ఆరో వాటా..." అని ఆగి, గడియారాల తాత వైపు చూసింది. "కొడుకా? మీకూ ఆయనకీ ఎంత తేడా అండీ, పదేళ్ళా?"

"నాకు చిన్నతనంలోనే పెళ్ళయింది" అన్నాడు తాత, మొహం ఏమాత్రం మార్చకుండా.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతలోనే ఆగిపోయారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఆ డబ్బా తెరిచి, ఆ కార్డు నంబరు ఎత్తి రాసుకున్నారు. ఎవరో ఒకరు రాస్తార్లే అని ఏ ఒక్కరూ అనుకోలేదు. అలా అనుకున్నదాన్ని ఈ గోదాము మొత్తానికి నేనొక్కదాన్నే.

అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "ఒక మనిషి ఆరు ఇళ్ళల్లో తింటాడా? పైన చూస్తే దీన్ని మోసం అంటారు. ఆరు ఫారాలూ వెనక్కి పోతాయి. మళ్ళీ జాబితా ఎప్పుడో నాకే తెలీదు."

కవలల తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు మేస్త్రి లోపలికొచ్చాడు.

"తప్పు వీళ్ళది కాదమ్మా" అన్నాడు. "నేను వీళ్ళెవరికీ ఏమీ కాను. వంటమనిషిని. నా చేతి ముద్ద తిన్నారు కదా, మర్యాదకి రాశారు. నా పేరు కొట్టెయ్యండి. వీళ్ళ గదులు వీళ్ళకి ఇప్పించండి."

"మరి మీరు?"

"నేనా? గుండిగ ఉన్నవాణ్ణి, ఎక్కడో అక్కడ వండుకుంటాను."

ఆ అమ్మాయి కూడా అలిసిపోయి ఉంది. రోజుకి ఇలాంటివి ఎన్ని చూస్తుందో. ఎర్ర పెన్ను తీసి ఆరు ఫారాల్లో ఆయన పేరు కొట్టేసింది. కొట్టేసినచోటల్లా ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించింది. డ్రైవరు పెడుతూ పెన్ను గట్టిగా నొక్కితే కాగితం చిరిగింది. ఒక్కొక్కరూ సంతకం పెట్టి, ఆయన మొహం చూడలేక, పొయ్యి ఆర్పాలన్న వంకతో పక్కకి తప్పుకున్నారు.

ఏడో ఫారం చూసింది. "మీదే శుభ్రంగా ఉందమ్మా" అంది నాతో. "మీరొక్కరే సరిగ్గా రాశారు."

జీవితంలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఇంతకంటే చెంప మీద కొట్టినా నయం.

ఐదో వాటా అక్క ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, ఎర్ర గీత పక్కనే మళ్ళీ రాస్తాను, కుదరదా?"

"కొట్టేసిన పేరు ఆ ఫారంలో మళ్ళీ రాయకూడదు" అంది అమ్మాయి. పెన్ను మూత పెట్టబోతూ, నా ఫారం వైపు చూసింది. ఆరో గీత ఖాళీగా ఉంది. "కొట్టెయ్యనిది ఇదొక్కటే."

నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ నా వైపు చూడను కూడా లేదు, అంత మర్యాదస్తులు. మా అమ్మాయి మాత్రం చూసింది. దానికి నేను మాటిచ్చిన మూల సంగతి దానికీ తెలుసు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి చల్లగా ఉంది. నాకు పెద్ద మనసు ఉందని కాదు. ఆ క్షణంలో కూడా మంచం ఎటు జరపాలా అని లెక్క వేస్తూనే ఉన్నాను. కానీ మూడు రోజులు పొయ్యి ఊదిన అలసట, ఆ ముందు రెండేళ్ళ అలసట, అన్నీ కలిసి నా నోరు తెరిపించాయి.

"మా అన్నయ్య" అన్నాను. "రాయడం మర్చిపోయాను."

అమ్మాయి నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "ఇందాక ఎవరికీ ఏమీ కానన్నారు కదండీ?"

మేస్త్రి నా వైపు తిరిగాడు. డబ్బాలో ఆయన కార్డు నేను చూసిన సంగతి ఆయనకి తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు. కొళాయి వైపు తిరిగిపోయిన సంగతి మాత్రం కచ్చితంగా తెలుసు. నా మొహంలోకి తేరిపార చూశాడు. వంగని కాలు ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మా చెల్లెలేనండి" అన్నాడు. "చిన్నప్పట్నుంచీ ఇంతే. పిలిస్తే కాస్త ఆలస్యంగా పలుకుతుంది."